ఐదు స్టార్ల వినాక

మొహమాటానికి పోతే కడుపైందని పెద్దలు ఊరికే అనలేదు. ఉనైసికి కడుపు కాలేదు గానీ, మేనమామ కాలు పోయినంత పనైంది.

ఉనైసి సవుసవు అనే ద్వీపపు ఊరి బజారులో రొట్టెల కొట్టు కౌంటరు దగ్గర ఉంటుంది. వేడి రొట్టె కాగితంలో చుట్టి ఇస్తూ, వచ్చినవాళ్ళ ఇంటి సంగతులన్నీ కనుక్కుంటే గానీ చిల్లర చేతిలో పెట్టదు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆవిడ మేనమామ కూతురు టిటీలియా ఓడెక్కి వెళ్ళాల్సిన సువా నగరంలో ఉంటుంది. ముందు హోటలు ఉద్యోగం పోయింది, తర్వాత మొగుడు పోయాడు. చచ్చిపోలేదు లెండి, ఇంకో ఆవిడతో పోయాడు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఏం చేస్తుంది పాపం, నోని పళ్ళ రసం తీసి సీసాల్లో పోసి, ఫోనులో పేజీ పెట్టి అమ్మడం మొదలెట్టింది. "షుగరుని తరిమికొట్టే టిటీ నోని" అని పైన పెద్దక్షరాలతో రాసుకుంది. మొదటి పెట్టెలోంచి ఒక సీసా వదినకి ఊరికే పంపింది.

ఉనైసి మూత తీసింది. నోని వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ముక్కు మూసుకుని రెండు గుక్కలు మింగింది, మిగతాది పెరట్లో మిరపమొక్కకి పోసింది. కానీ పంపింది మరదలు కదా, ఓడ మీద అంత దూరం పంపింది కదా! టిటీ పేజీలోకి వెళ్ళి "వినాక టిటీ, వినాక వకలేవు" అని రాసి, ఐదు స్టార్లూ గుద్దేసి రొట్టెల పనిలో పడిపోయింది.

ఆ ద్వీపాల భాషలో వినాక అంటే థాంక్స్. వినాక అంటే బాగుంది అని కూడా. వకలేవు అంటే చాలా చాలా. చేపల పులుసు రుచి చూసి అనేదీ అదే మాట, వానలో గొడుగు ఇచ్చినందుకు అనేదీ అదే మాట. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఎదురుగా మనిషి మొహం ఉంటుంది కాబట్టి అది ఏ వినాకో ఇట్టే తెలిసిపోతుంది. ఫోనుకి మొహం ఎక్కడ ఏడ్చింది?

ఒక బుధవారం మధ్యాహ్నం ఉనైసి కర్రపెండలం ఉడకబెట్టి, కొబ్బరిపాలలో చేమాకు వండి, పక్కింట్లోనే ఉన్న టిటీ తండ్రికి, అంటే తన మేనమామకి, పళ్ళెం పట్టుకెళ్ళింది. అపిసాయి మామ నడివయసంతా ఓడ ఇంజన్ల దగ్గర గడిపినవాడు. ఇప్పుడు పందుల్ని పెంచుకుంటూ, దారినపోయే ప్రతివాడినీ ఆపి ఆటపట్టిస్తూ ఉంటాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఉనైసి ముక్కుపుటాలు అదిరాయి. పందులదొడ్డి వాసన కాదు, నోని వాసనా కాదు.

"మామా, ఇంట్లో ఏదో కుళ్ళింది."

"నీ ముక్కే కుళ్ళింది. ఆ పళ్ళెం ఇలా పెట్టు."

"ఆ కాలికి గుడ్డ ఎందుకు కట్టావు? చూపించు."

"ఆడపిల్లలకి కాళ్ళు చూపించే వయసా నాది?"

"నా పెళ్ళిలో తాగి ఎగిరినప్పుడు తొడలదాకా చూపించావు, అప్పుడు ఏ వయసు?"

మామ నవ్వేలోపు ఉనైసి కింద కూర్చుని గుడ్డ లాగేసింది. ఎడమకాలి చిటికెన వేలి కింద పుండు. అంచులు నల్లబడి ఉన్నాయి, లోపల చూడబుద్ధి కాలేదు. సముద్రంలో ఏదో గవ్వ గుచ్చుకుందట. నొప్పే లేదట. నొప్పి తెలియకపోవడం ఎంత చెడ్డదో ఉనైసికి తెలుసు. వాళ్ళమ్మ అలాగే పోయింది, ఇదే షుగరుతో.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

మామ సముద్రం వైపు చూశాడు.

"మామా, నిన్నే."

"ఈస్టరు నుంచి మానేశా."

"ఏ దరిద్రుడు మానమన్నాడు?"

"నువ్వే."

మామ ఫోను తీసి చూపించాడు. టిటీ చేయించిన పోస్టరు అది. చర్చిలో తలలో పువ్వు పెట్టుకుని నవ్వుతున్న ఉనైసి ఫోటో, కింద ఇంగ్లీషులో "బాగుంది టిటీ! చాలా చాలా బాగుంది!" అని, దాని కింద ఉనైసి పేరూ, ఊరి పేరూ, బంగారు రంగులో ఐదు స్టార్లూ.

"నేను బాగుందని ఎప్పుడన్నాను?"

"ఇదిగో, రాసుంది కదా."

కాసేపటికి గానీ ఆవిడకి తట్టలేదు. పైదేశాలవాళ్ళకి అర్థం కావాలని ఆ పేజీ ప్రతి మాటనీ ఇంగ్లీషులోకి తిప్పి చూపిస్తుంది. పాపం దానికి తెలిసిన వినాక ఒక్కటే. ఇక్కణ్ణుంచి థాంక్స్‌గా వెళ్ళిన మాట ఊళ్ళన్నీ తిరిగి మందుచీటీ అయి మామ ఇంటికొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ కథ.

"టిటీ అమ్ముకునే మనిషి," అన్నాడు మామ. "కూతురే, కాదనను. కానీ అమ్ముకునేవాళ్ళ మాటలో సగం తీసెయ్యాలి. నువ్వలా కాదే. నీకు అబద్ధం ఆడటం చేతకాదు. నువ్వు బాగుందన్నావంటే బాగున్నట్టే అనుకున్నా."

ఉనైసికి ఏడుపొచ్చింది. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

"లే మామా. ఆస్పత్రికి పోదాం. ఇప్పుడే."

"రాను."

"ఎత్తుకుపోతా."

"ఎత్తు చూద్దాం." నవ్వేసి, నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. "రేపు టిటీ వస్తోంది. నా వీడియో తీస్తుందట. ఆక్లాండులో పెద్ద కొట్టువాళ్ళు అడిగారట, సొంత తండ్రే తాగుతున్నట్టు చూపిస్తే పెట్టెలకి పెట్టెలు తీసుకుంటామని. నేనిప్పుడు ఆస్పత్రి మెట్లెక్కితే పొద్దుగూకేలోపు ఊరంతా పాకుతుంది. దాని బతుకు ఇప్పుడిప్పుడే ఒడ్డున పడుతోంది. నేను బతికినంత బతికాను. నా కాలి కోసం దాని పడవ ముంచమంటావా?"

"అంటే ఆ రసం పనిచెయ్యట్లేదని నీకు తెలుసు!"

"నోరు ముయ్యి. దానికి కాలి సంగతి చెప్పావంటే చచ్చినా నీ గడప తొక్కను. మాటివ్వు."

ఉనైసి మాటిచ్చింది. చూశారా? మళ్ళీ మొహమాటమే! ఆ మనిషికి చెంపలు వాయించాలి. ముసలాయన చెయ్యి చాపేసరికి ఇచ్చేసింది.

ఇచ్చాక మాత్రం ఊరుకోలేదు. వీధి చివర ఉండే నర్సమ్మని బతిమాలి తీసుకొచ్చింది. నర్సమ్మ వేలు గుచ్చి రక్తం చుక్క మిషనులో పెడితే, అందులో అంకె రాలేదు. "హెచ్, ఐ" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వచ్చాయి.

మామ మెడ సాచి చూశాడు. "హాయ్ అంటోంది! చూశావే, మిషను కూడా నన్ను పలకరిస్తోంది!"

"హాయ్ కాదు తాతా," అంది నర్సమ్మ, మొహంలో నవ్వు లేకుండా. "కొలవడానికి అందనంత ఎక్కువని. ఈ కాలు ఇవాళో రేపో పెద్దాసుపత్రిలో చూపించకపోతే మడమ దాకా తీసేస్తారు. ఆలస్యమైతే మోకాలి దాకా."

"రేపు సాయంత్రం చూద్దాంలే," అని మామ ఆవిడకి రెండు బొప్పాయి పళ్ళిచ్చి పంపించేశాడు.

ఉనైసి కొట్టుకి తిరిగొచ్చి ఫోను తీసింది. ముందు తన ఐదు స్టార్లూ పీకేసింది. "నేను థాంక్స్ చెప్పాను, బాగుందని చెప్పలేదు. రెండు గుక్కలు తాగి పారబోశాను. ఎవరూ మాత్రలు మానకండి" అని ఇంగ్లీషులోనే రాసింది, ఇంకెవరూ తిప్పక్కర్లేకుండా. రొట్టెలు సర్ది వచ్చి చూస్తే అది లేదు. మళ్ళీ రాసింది. మళ్ళీ పోయింది. ఇంకోసారి రాసింది.

ఇది ఒక్కదానితో తేలదని, పేజీలో తనకి తెలిసిన పేర్లు చూసుకుంటూ బజారులోకి బయల్దేరింది. చేపలమ్మే విలిసి అక్కడా వినాక రాసింది, నాలుగు స్టార్లు.

"విలిసీ, నీది ఏ వినాక?"

"అంటే?"

"థాంక్సా, బాగుందా?"

"సీసా పగలకుండా వచ్చింది, అందుకు చెప్పానమ్మా. ఒక స్టారు తగ్గించాను చూడు, పెట్టె తడిసింది."

"షుగరు తగ్గిందా?"

"నాకు షుగరే లేదు!"

మామతో ఓడలో పనిచేసిన కమినియేలి ఇంకా ఘనుడు. "మూతే తియ్యలేదమ్మాయ్. గాలికి తలుపు కొట్టుకుంటుంటే అడ్డం పెట్టా. దానికి మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది, ఐదు స్టార్లకీ లోటు లేదు."

ఉనైసికి నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. తలుపుకి అడ్డం పెట్టినవాడి మాట నమ్మి ఎక్కడో ఎవరో మాత్రలు పారేసి ఉంటారు. తన మాట నమ్మి సొంత మామే పారేశాడు కదా.

చీకటిపడేలోపు టిటీయే ఫోను చేసింది. సువా రేవులో ఓడ ఎక్కబోతోంది, వెనక గోల వినిపిస్తోంది.

"ఏంటి వదినా ఇది? నేను తీసేస్తుంటే నువ్వు రాస్తున్నావు, నీకేం పట్టింది?"

"తియ్యడం నీకెంత తేలికో రాయడం నాకూ అంతే తేలిక."

"నా పొట్ట కొడతావా? మిగతావాళ్ళు డబ్బులిచ్చి దొంగ పేర్లతో రాయించుకుంటారు తెలుసా? నేనొక్కటీ రాయించలేదు. పిల్లల మీద ఒట్టు. అన్నీ సొంత పేర్లతో మనవాళ్ళు రాసినవి, అన్నీ నిఖార్సు."

"నిఖార్సే. థాంక్సులన్నీ నిఖార్సువే. అందులో మందు సంగతి ఒక్కడూ చెప్పలేదు."

"నీకు కుళ్ళు వదినా. నేను బాగుపడితే కన్ను కుట్టింది. ఎవరెందుకు, నాన్నని చూడు, ఎంత హుషారుగా ఉన్నాడో!"

"మీ నాన్న..." అని ఉనైసి నాలుక కరుచుకుంది. మాటిచ్చింది కదా.

"ఏంటి నాన్న?"

"రేపు రా. వచ్చాక చూద్దువుగాని."

ఉనైసి నిద్రలోనూ, లేచాకా, రొట్టెలు అమ్ముతూనూ ఒకటే ఆలోచన చేసింది. చెప్పనని మాటిచ్చాను, చెప్పను. కానీ ఆ కాలు మాత్రం ఇవాళ ఆస్పత్రికి వెళ్ళాలి. ఎలా వెళ్తుందో నాకు తెలియదు, వెళ్ళితీరాలి. మధ్యాహ్నానికి కొట్టు యజమానితో పని ఉందని చెప్పి, ఏప్రన్ విప్పేసి, బజారులో ఎండు యంగోనా వేర్ల కట్ట, దంచి నీళ్ళలో కలుపుకు తాగేవి, పెద్దల్ని ఏదైనా అడిగేముందు వాళ్ళ ముందు పెట్టేవి, ఒకటి కొనుక్కుని ఇంటిదారి పట్టింది. ఉత్తిచేతులతో అడగకూడనిది అడగబోతోంది.

మామ ముంగిట్లో చాప పరిచి ఉంది. టిటీ ఫోనుని మూడుకాళ్ళ కర్రకి తగిలించి, వెలుతురు ఎటు పడుతుందో చూసుకుంటోంది. చిక్కిపోయింది పిల్ల, కళ్ళ కింద నల్లగా ఉంది. కమినియేలి, విలిసి, ఇంకా ఇరుగూపొరుగూ చెక్కగిన్నె చుట్టూ కూర్చుని యంగోనా తాగుతున్నారు. మధ్యలో అపిసాయి మామ పువ్వుల చొక్కా వేసుకుని, ఇస్త్రీ లుంగీ కట్టుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. కాళ్ళకి మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు!

"నాన్నకి మేజోళ్ళేంటి ఈ ఎండలో?" అంది టిటీ.

"ఆక్లాండువాళ్ళు చూస్తారు కదే, మర్యాదగా ఉండొద్దూ?" అన్నాడు మామ. టిటీ నవ్వి ఫోను నొక్కింది.

"నా పేరు అపిసాయి," అని మొదలెట్టాడు మామ. "నాకు చాలా ఏళ్ళుగా షుగరు. నా కూతురు చేసిన ఈ రసం తాగుతుంటే..."

ఉనైసి వచ్చి చాప మీద మోకరిల్లింది. వేర్ల కట్ట మామ ముందు పెట్టి, అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొట్టింది. అందరూ ఉలిక్కిపడ్డారు. అలా వచ్చి కూర్చున్న మనిషిని మధ్యలో లేపే మొనగాడు ఆ ద్వీపంలో లేడు.

"వదినా, వీడియో నడుస్తోంది!"

"నడవనీ. మామా, నేనెవర్ని?"

మామ తడబడ్డాడు. "నా చెల్లెలి కూతురివి."

"అంటే ఈ ఇంటికి నేను వసుని. మేనకోడలు మేనమామ ఇంట్లో చెయ్యి పెట్టి అడిగింది కాదనే హక్కు నీకుందా?"

"లేదు," అన్నాడు కమినియేలి, మామ బదులు. "మా మేనల్లుడు నా కొత్త పడవ మోటారు పట్టుకుపోయాడు. నేను ఏడుస్తూ సాగనంపా."

అందరూ నవ్వారు. మామ కూడా కాస్త తేలికపడ్డాడు. "అడుగు మరి. మచ్చల పందిపిల్ల మీదేనా నీ కన్ను?"

"నీ ఎడమకాలు."

నవ్వులు ఆగిపోయాయి. మామ ఎడమకాలు లుంగీ కిందికి లాక్కున్నాడు.

"అది... అది ఒంటికి తగిలించి ఉందే."

"నాకు కాలు చాలు. నేను దాన్ని ఆస్పత్రికి తీసుకుపోతా. మిగతా ఒళ్ళంతా నువ్విక్కడే ఉంచుకుని వీడియో తీయించుకో."

"మాటిచ్చావు!" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"ఎవరికీ ఏమీ చెప్పలేదు మామా. నాది నేను అడిగాను."

టిటీ వదిన వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, మేజోళ్ళ వైపు చూసింది. మామ వేర్లకట్ట వైపు చూశాడు. దాన్ని తోసేస్తే చచ్చిన చెల్లెల్ని గుమ్మంలోంచి గెంటినట్టే. చివరికి చెయ్యి చాచి కట్టని తాకాడు. ఎడమకాలు ఎత్తి ఉనైసి ఒళ్ళో పెట్టాడు. ఉనైసి మేజోడు నెమ్మదిగా కిందికి లాగింది. వాసనకి విలిసి మొహం తిప్పుకుంది. చేపలమ్మే మనిషి!

టిటీ కేకపెట్టి వచ్చి కూలబడింది. "నాన్నా, ఇదేంటి! మాత్రలు వేసుకోవట్లేదా? మాత్రలతోపాటే తాగుతున్నావనుకున్నా!"

"నువ్వు పంపిన బొమ్మలో ఉనైసి చెప్పింది కదమ్మా, చాలా చాలా బాగుందని."

టిటీ తలెత్తి వదినని చూసింది. "నువ్వన్నావు వదినా. నువ్వే అన్నావు!"

"సీసా ఇస్తే థాంక్స్ చెప్పకుండా ఎలా ఉంటానే, పిచ్చిదానా?"

"నాదీ అంతేనమ్మా," అంది విలిసి, మొహం ఇటు తిప్పకుండానే. కమినియేలి యంగోనా చిప్ప కింద పెట్టేశాడు.

టాక్సీలో మామని ఎక్కించేటప్పుడు టిటీ ఏడుస్తూనే ఒక పక్క పట్టుకుంది. ఉనైసి రెండో పక్క పట్టుకుంది. ఆక్లాండు కొట్టు మాట ఎవరూ ఎత్తలేదు.

పెద్దాసుపత్రిలో చిటికెన వేలూ, పక్కవేలూ తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగుంటే దక్కేది కాదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఉనైసికి ఆవిడ మీద గౌరవం కలిగింది.

వరండా బల్ల మీద టిటీ ఫోను పట్టుకుని కూర్చుంది. "పేజీ మూసేస్తా వదినా. ఇవాళే. ఎవరికీ తెలియకుండా."

"మూస్తే ఇప్పుడు సీసాలు తాగుతున్నవాళ్ళకి ఎవరు చెబుతారు?"

"ఏమని చెప్పను? నా తండ్రినే చంపబోయానని చెప్పనా? ఇంక నా మొహం ఎవరు చూస్తారు? పిల్లల్ని ఏం పెట్టి పెంచను?"

"రొట్టెల కొట్టులో పని చూస్తా. నా ఇంట్లో ఉందురుగాని. అదంతా తర్వాత. ఎంతమంది మామలు మాత్రలు పారేశారో నీకు తెలుసా?"

టిటీ తల అడ్డంగా ఊపింది.

"నాకూ తెలియదు. అందుకే నిద్ర పట్టట్లేదు. నేను రాస్తే నువ్వు తీసేశావు. ఇప్పుడు నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి లేవను."

లోపల్నుంచి మామ గొంతు వినిపించింది. గోడలు పల్చన, వాళ్ళ గొంతులు పెద్దవి. "ఇద్దరూ ఇలా రండే."

వెళ్ళారు. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. మామ మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళలో పాత పొగరు తిరిగొచ్చింది.

"అది రాస్తే ఎవడు చదువుతాడు? నన్ను తియ్యి. నా పేరుతో, నా ఊరితో. తీయడానికేగా వచ్చావు."

టిటీ ఫోను ఎత్తింది. ఫోను కదలకుండా ఉనైసి ఆ మోచెయ్యి పట్టుకుంది.

"నా పేరు అపిసాయి. మాది సవుసవు. ఈ టిటీ నా కూతురు. దీని రసం తాగి నేను మాత్రలు మానేశాను. ఇదిగో నా కాలు. రెండు వేళ్ళు లేవు. రసం తాగితే తాగండి, మానితే మానండి, మాత్రలు మాత్రం మానకండి. మానేసినవాళ్ళు రేపటిదాకా ఆగకండి, ఇవాళే డాక్టరు దగ్గరికి పోండి. కూతురు నొచ్చుకుంటుందని నేను దాచాను. బుద్ధి తక్కువై దాచాను." ఆయాసంతో ఆగాడు. "చాలు, ఆపు."

టిటీ వీడియో వెనక్కి తిప్పి చూసుకుంది. ముక్కు తుడుచుకుంది. "నా ఏడుపు పడింది నాన్నా, పైకి వినిపిస్తోంది. మళ్ళీ తీస్తాను."

"ఉండనీవే. అమ్మిన మనిషే ఏడుస్తుంటే అప్పుడు నమ్ముతారు జనం."

"పేజీలో పెట్టే మీట నువ్వే నొక్కు," అని టిటీ ఫోను వదిన వైపు చాపింది. ఉనైసి చేతులు వెనక్కి పెట్టుకుంది. టిటీ కళ్ళు మూసుకోకుండా తనే నొక్కింది.